ఆట – అపవాదు

ఉద్దేశం: వార్తలలో వచ్చిన ప్రతి మాటను వెంటనే నమ్మడం తగదు. వెంటనే తోసివేయడమూ తగదు. వీడియో ఆటలు ఆడేవారిని గురించి లోకంలో వ్యాపించిన భయాన్ని ఉదాహరణగా తీసుకొని, ఒక నిందను ఎలా పరిశీలించాలో తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

తుమకూరు జిల్లాలోని పావగడ తాలూకాకు మూడు వైపులా ఆంధ్రప్రదేశ్ ఉంది. ఇక్కడ ఎన్నో ఇళ్ళలో తెలుగు మాట్లాడతారు. కార్యాలయాలలో కన్నడం వినిపిస్తుంది. టీవీలో తెలుగు వార్తలూ వస్తాయి, కన్నడ వార్తలూ వస్తాయి. రెండు భాషలలోనూ "ఆట" అనే మాట ఒక్కటే. ఆ మాటతో పాటు ఒక భయం కూడా కొన్నేళ్ళుగా రెండు భాషలలోనూ వినవస్తున్నది. సెల్‌ఫోన్‌లోనూ కంప్యూటర్‌లోనూ ఆటలాడే పిల్లలు మొండివారవుతారనీ, క్రూరులవుతారనీ, చివరికి నేరం చేయడానికి కూడా వెనుదీయరనీ ఆ భయం. ఇందులో నిజమెంత? అపవాదు ఎంత?

ఈ ప్రశ్న పల్లెలకు కూడా సంబంధించినదే. కోవిడ్ వ్యాధి వల్ల 2020 మార్చిలో బడులు మూతపడ్డాయి. అంతవరకు తండ్రి జేబులో ఉండే ఫోను పాఠాల కోసం పిల్లల చేతికి వచ్చింది. పాఠమూ ఆ ఫోనులోనే, ఆటా ఆ ఫోనులోనే. పిల్లవాడు తల వంచి ఫోను చూస్తూ ఉంటే చదువుతున్నాడో ఆడుతున్నాడో పెద్దలకు తెలియదు. తెలియని చోట అనుమానం పుడుతుంది. అనుమానం పెనుభూతం అని లోకోక్తి.

పాత భయాలు

కొత్త వినోదం వచ్చినప్పుడల్లా పెద్దలు భయపడడం కొత్త కాదు. గ్రీకు తత్త్వవేత్త ప్లేటో రాసిన ఒక సంభాషణలో రాజొకడు రాతను గురించే సందేహిస్తాడు. అక్షరాలు వస్తే మనుషులు జ్ఞాపకశక్తిని కోల్పోతారని అతని వాదం. మన దేశంలో సినిమాను గురించి ఇటువంటి ఆందోళనే కలిగింది. సినిమాలను, వాటి సెన్సారు పద్ధతిని పరిశీలించడానికి బ్రిటిష్ ప్రభుత్వం 1927లో టి. రంగాచారి అధ్యక్షతన ఒక సంఘాన్ని నియమించింది. అప్పటికి తెలుగులో మాటల సినిమా ఇంకా పుట్టనే లేదు. మొదటి తెలుగు టాకీ "భక్త ప్రహ్లాద" 1932లో విడుదలయింది. సినిమాకు పోతే పిల్లలు చెడిపోతారన్న మాట ఆ తరువాత కూడా ఎన్నో ఇళ్ళలో చాలాకాలం వినిపించింది.

అమెరికాలో బొమ్మల కథల పుస్తకాలకు ఇదే గతి పట్టింది. ఫ్రెడరిక్ వెర్థామ్ అనే మానసిక వైద్యుడు 1954లో ఒక గ్రంథం ప్రచురించి, అటువంటి పుస్తకాలు చదివే పిల్లలు నేరస్థులవుతారని వాదించాడు. ప్రజాభిప్రాయం ఆయన వైపు తిరిగింది. ప్రచురణకర్తలు తమకు తామే కఠినమైన నియమాలు విధించుకొన్నారు. చాలాకాలం తరువాత కెరోల్ టిల్లీ అనే పరిశోధకురాలు ఆ వైద్యుని పాత కాగితాలను పరిశీలించింది. ఆయన తన వాదానికి అనుకూలంగా కొన్ని వివరాలను మార్చాడని, కొన్నింటిని వదిలివేశాడని 2012లో వెల్లడించింది. నింద వేయడానికి ఒక్క పుస్తకం చాలింది. దానిని సరిచూడడానికి యాభై ఏళ్ళకు పైగా పట్టింది.

నింద వీడియో ఆటల మీదికి వచ్చిన విధం

1976లో అమెరికాలో "డెత్ రేస్" అనే వీడియో ఆట వచ్చింది. తెర మీది కారుతో చిన్న చిన్న బొమ్మలను గుద్దడం ఆ ఆట. ఆ బొమ్మలు భూతాలని తయారీదారులు చెప్పారు. చూసేవారికి అవి మనుషులవలె కనిపించాయి. పత్రికలలో నిరసన చెలరేగింది. 1993లో అమెరికా సెనేట్ హింసాత్మకమైన వీడియో ఆటలపై విచారణ జరిపింది. దాని ఫలితంగా 1994లో ఏ ఆట ఏ వయసువారికి తగినదో పెట్టె మీద ముద్రించే పద్ధతి వచ్చింది. ఇది మంచి ఫలితమే. పసివారికి తగని ఆటలు ఉన్నాయన్నది నిజం.

కాని 1999 ఏప్రిల్‌లో పరిస్థితి మారింది. కొలంబైన్ అనే చోట ఇద్దరు విద్యార్థులు తమ పాఠశాలలోనే కాల్పులు జరిపి తోటివారిని, ఒక ఉపాధ్యాయుని చంపారు. వారు "డూమ్" అనే ఆట ఆడేవారని పత్రికలు రాశాయి. అప్పటివరకు నింద ఆటపై ఉండేది. ఇప్పుడు అది ఆడే ప్రతి పిల్లవాని పైకి మళ్ళింది. గదిలో ఒంటరిగా కూర్చొని ఆడుకొనే బాలుడు రేపు తుపాకి పట్టగలడన్న చిత్రం జనం మనసులో పడింది.

ఆ దేశపు రక్షణ అధికారులు, విద్యాశాఖవారు కలిసి ఈ విషయాన్ని పరిశోధించారు. 1974 నుండి 2000 వరకు పాఠశాలలలో జరిగిన 37 దాడులను, వాటికి పాల్పడిన 41 మందిని గురించి వివరాలు సేకరించి 2002లో నివేదిక ఇచ్చారు. వారిలో హింసాత్మకమైన వీడియో ఆటలపై ఆసక్తి చూపినవారు నూటికి 12 మంది మాత్రమే. తమ సొంత రాతలలో హింసను గురించి రాసుకొన్నవారు నూటికి 37 మంది. దాడికి ముందు వారిలో చాలామంది ఏదో ఒక పెద్ద నష్టానికో అవమానానికో గురయ్యారు. చాలా సందర్భాలలో వారి ఉద్దేశం ముందుగానే మరొకరికి తెలుసు. అంటే ఆటను చూసి భయపడినవారు, బాధను గమనించవలసిన చోట గమనించలేదన్నమాట.

మన దేశంలో

2017లో "బ్లూ వేల్" అనే పేరు దేశమంతటా మారుమోగింది. అది పిల్లలకు రోజుకొక పని చెప్పి చివరికి ప్రాణాలు తీస్తుందని వార్తలు వచ్చాయి. ఆ సంవత్సరం ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం దానికి సంబంధించిన లింకులను తొలగించాలని ఇంటర్నెట్ సంస్థలను కోరింది. ఎక్కడ పిల్లవాడు మరణించినా ఆ పేరే వినిపించింది. తరువాత ప్రభుత్వం నియమించిన సంఘం ఆ మరణాలను పరిశీలించింది. వాటిలో ఏ ఒక్క దానికీ ఆ ఆటతో సంబంధం ఉన్నట్లు రుజువు కాలేదని 2018 జనవరిలో లోక్‌సభకు ప్రభుత్వం తెలిపింది. మొదటి వార్త అందరికీ చేరింది. ఈ సమాధానం ఎందరికి చేరింది?

2019లో "పబ్‌జీ" ఆట వంతు వచ్చింది. ఆ సంవత్సరం మార్చిలో గుజరాత్‌లోని రాజ్‌కోట్ పోలీసులు దానిని నిషేధించి, ఫోనులో ఆడుతున్న పది మందిని అరెస్టు చేశారు. వారిలో కొందరు కళాశాల విద్యార్థులు. దొంగతనం లేదు, కొట్లాట లేదు. చేతిలో ఫోను, తెర మీద ఆట. అంతమాత్రానికే అరెస్టు జరిగింది. 2020 సెప్టెంబరు 2న కేంద్ర ప్రభుత్వం 118 యాప్‌లను నిషేధించినప్పుడు పబ్‌జీ కూడా ఆగిపోయింది. అయితే ప్రభుత్వం చెప్పిన కారణం పిల్లల ప్రవర్తన కాదు. దేశ భద్రత, ప్రజల సమాచార రక్షణ.

పాచిక – పణం

అయితే ఆటలో ప్రమాదమే లేదా? ఉంది. అది ఎక్కడ ఉందో గుర్తించడం ముఖ్యం.

పల్లెల అరుగుల మీద గళ్ళు గీసి ఆడే "పులిజూదం" పేరులో జూదం ఉన్నా, అందులో డబ్బు లేదు. అది కేవలం తెలివికి సంబంధించిన ఆట. మహాభారతంలోని సభాపర్వంలో ధర్మరాజు ఆడినది వేరు. అక్కడ అతడు సంపదను ఒడ్డాడు, రాజ్యాన్ని ఒడ్డాడు, తమ్ములను ఒడ్డాడు, తన్ను ఒడ్డుకొన్నాడు, చివరికి ద్రౌపదిని ఒడ్డాడు. కీడు తెచ్చినది పాచిక కన్న పణమే. ఎదుట శకుని వంటి మోసగాడు ఉంటే ఆ కీడు మరింత పెద్దదవుతుంది.

న్యాయస్థానాలు కూడా చాలాకాలంగా ఈ భేదాన్ని విచారిస్తున్నాయి. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బుకు సంబంధించిన వ్యాజ్యంలో రమ్మీ ప్రధానంగా నైపుణ్యంతో ఆడే ఆట అని సుప్రీంకోర్టు 1967లో చెప్పింది. బెంగళూరు నగరంలో వీడియో ఆటల కేంద్రాలకు లైసెన్సు ఉండాలని 1989లో ఒక ఉత్తర్వు వచ్చింది. ఎం.జె. శివాని వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1995లో ఆ నియంత్రణను సమర్థించింది. యంత్రాలను తమకు అనుకూలంగా మార్చి ఆడేవారిని మోసగించే వీలుందని గుర్తించింది. కర్ణాటక ప్రభుత్వం 2021లో పందెంతో కూడిన ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ చట్టం చేయగా, దానిలోని ముఖ్యమైన భాగాలను హైకోర్టు 2022 ఫిబ్రవరి 14న కొట్టివేసింది.

2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ ఆటలపై ఒక కొత్త చట్టాన్ని ఆమోదించింది. డబ్బు ఒడ్డి ఆడే ఆన్‌లైన్ ఆటలను అది నిషేధించింది. పోటీ క్రీడగా ఆడే వీడియో ఆటలను ప్రోత్సహించాలని చెప్పింది. డబ్బు ఆటలను నడిపేవారికి మూడేళ్ళ వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా నిర్ణయించింది. ఆడేవారికి మాత్రం శిక్ష విధించలేదు. నష్టపోయినవానిని నేరస్థునిగా చూడరాదన్న భావం ఇందులో ఉంది.

రోగమూ అలవాటూ ఒకటి కాదు

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన వ్యాధుల పట్టికలో వీడియో ఆటల వల్ల కలిగే ఒక రుగ్మతను చేర్చింది. ఆ పట్టిక 2022 నుండి అమలులోకి వచ్చింది. అయితే ఎక్కువసేపు ఆడే ప్రతివాడూ రోగి అని ఆ సంస్థ చెప్పలేదు. మూడు లక్షణాలు చూడాలన్నది. మొదటిది, ఆట మీద అదుపు తప్పడం. రెండవది, నిద్ర, చదువు, స్నేహం మొదలైన వాటన్నిటికన్న ఆటకే ప్రాధాన్యం ఇవ్వడం. మూడవది, నష్టం కళ్ళెదుట కనిపిస్తున్నా ఆపలేకపోవడం. ఈ స్థితి సాధారణంగా ఏడాది పాటు కొనసాగితే దానిని రుగ్మత అంటారు.

ఇటువంటివారికి సహాయం ఉంది. బెంగళూరులోని నిమ్హాన్స్ సంస్థ 2014లో ఇందుకోసమే "షట్" అనే చికిత్సా కేంద్రాన్ని ప్రారంభించింది. అయితే సహాయం కోరడానికి ముందు రోగి నోరు తెరవాలి. "వీడు ప్రమాదకారి" అన్న ముద్ర పడినవాడు నోరు తెరవడు. ఫోను దాచుకొంటాడు, డబ్బు పోగొట్టుకొంటే అప్పు దాచుకొంటాడు, బాధ దాచుకొంటాడు. అపవాదు వల్ల కలిగే అసలైన నష్టం ఇదే.

హింసాత్మకమైన ఆటల విషయంలో శాస్త్రజ్ఞులు ఏమంటున్నారు? వారిలో చాలాకాలం వాదోపవాదాలు జరిగాయి. అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞుల సంఘం 2020లో ఒక తీర్మానం చేసింది. అటువంటి ఆటలకూ, అరవడం, నెట్టడం వంటి దురుసుతనానికీ కొద్దిపాటి సంబంధం కనిపిస్తున్నదని అందులో చెప్పింది. ప్రాణాంతకమైన హింసకు ఆటలే కారణమని చెప్పడానికి మాత్రం తగిన ఆధారం లేదన్నది. కొద్దిపాటి మాటను పెద్ద మాటగా చేసి చెప్పడమే గోరంతను కొండంత చేయడం.

వార్తను చదివే పద్ధతి

"ఫోను ఆట పిచ్చితో ఇల్లు విడిచిన బాలుడు" అని ఒక శీర్షిక వచ్చిందనుకోండి. లోపల చదివితే ఆ బాలుడు పరీక్షలో తప్పాడనీ, ఇంట్లో తగవు జరిగిందనీ ఉండవచ్చు. మూడు కారణాలలో ఒకటే శీర్షికకు ఎక్కింది. ఎందుకు? పరీక్షలో తప్పడం పాత సంగతి. ఆట పేరు కొత్తది. కొత్తదానికి చదివేవారు ఎక్కువ. విలేఖరి అబద్ధం రాయకపోయినా, ఒక్క నిజాన్ని ముందుకు నెట్టడం వల్ల మిగిలిన నిజాలు వెనుకబడతాయి.

మాటలను కూడా గమనించాలి. మైదానంలో క్రికెట్ ఆడేవానిని "ఆటగాడు" అంటారు. అదే శ్రద్ధతో తెర మీద ఆడేవానిని "ఆటకు బానిస" అంటారు. 2018లో జకార్తాలో జరిగిన ఆసియా క్రీడలలో వీడియో ఆటలను ప్రదర్శన పోటీలుగా పెట్టగా, భారతీయుడైన తీర్థ్ మెహతా కాంస్యం సాధించాడు. 2023లో చైనాలోని హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడలలో అవి పతకాల పోటీలయ్యాయి. చేసే పని ఒకటే అయినా, పెట్టే పేరును బట్టి గౌరవమూ నిందా మారుతున్నాయి.

లెక్క కూడా చూడాలి. ఒక తరగతిలో 40 మంది ఉన్నారు. వారిలో 30 మంది ఫోనులో ఆడుతారు. తరగతిలో నలుగురు తగవులాడారు. ఆ నలుగురిలో ముగ్గురు ఆట ఆడేవారే. "చూశారా, తగవులాడేవారిలో ఎక్కువమంది ఆటగాళ్ళే!" అని ఒకరంటారు. కాని 40లో 30 అంటే నాలుగింట మూడు వంతులు. నలుగురిలో ముగ్గురన్నా నాలుగింట మూడు వంతులే. ఆడేవారిలో ముప్పైమందికి ముగ్గురు తగవులాడారు. ఆడనివారిలో పదిమందికి ఒకడు. రెండూ సమానమే. తగవుకూ ఆటకూ సంబంధం ఉన్నట్లు ఈ లెక్క చూపడం లేదు. దేశంలో పిల్లలెందరో ఆటలు ఆడుతున్నప్పుడు, తప్పు చేసిన పిల్లవాడు కూడా ఏదో ఒక ఆట ఆడి ఉండడంలో వింత లేదు.

నిప్పు లేనిదే పొగ రాదంటారు. నిజమే. కాని దూరాన లేచినదంతా పొగ కాదు. వేసవిలో పావగడ చేలలో సుడిగాలి లేచినప్పుడు దుమ్ము కూడా పొగవలె కనిపిస్తుంది. దగ్గరకు పోయి చూసినవాడు నిప్పయితే ఆర్పుతాడు, దుమ్మయితే నిశ్చింతగా తన పని చూసుకొంటాడు. చూడకుండా అరిచేవాడు ఊరిని బెదరగొడతాడు. అసలు నిప్పు అంటుకొన్ననాడు అతని మాట ఎవరూ వినరు.

డబ్బు ఒడ్డే ఆట, నిద్రను మింగే ఆట, వయసుకు తగని ఆట — వీటి విషయంలో పెద్దల హెచ్చరిక మేలు చేస్తుంది. అత్యుత్సాహంతో ఆడే ప్రతి పిల్లవానినీ నేరస్థునిగా చూడడం ఎవరికీ మేలు చేయదు. ఆడేవాడు తన వేళను తాను అదుపులో పెట్టుకోవాలి. చూసేవాడు తన మాటను అదుపులో పెట్టుకోవాలి.

కొత్త పదాలు – అర్థాలు

అపవాదు = లేనిపోని నింద
వెనుదీయు = జంకు, వెనుకకు తగ్గు
లోకోక్తి = లోకంలో వాడుకలో ఉన్న మాట, సామెత
వ్యాజ్యం = న్యాయస్థానంలో నడిచే తగవు
పణం = పందెంగా ఒడ్డిన వస్తువు
రుగ్మత = జబ్బు
శీర్షిక = వార్తకు పైన పెట్టే పేరు

అభ్యాసం

అ. ఒక్కొక్క వాక్యంలో జవాబు రాయండి.
1. పిల్లల చేతికి ఫోను రావడానికి 2020లో కలిగిన కారణం ఏమిటి?
2. వెర్థామ్ గ్రంథంలోని లోపాన్ని వెల్లడించినది ఎవరు?
3. "బ్లూ వేల్" విషయమై ప్రభుత్వం లోక్‌సభకు ఏమని తెలిపింది?
4. నిమ్హాన్స్ సంస్థ ప్రారంభించిన చికిత్సా కేంద్రం పేరేమి?

ఆ. నాలుగైదు వాక్యాలలో జవాబు రాయండి.
1. 2002 నాటి నివేదిక ఏయే విషయాలను తెలిపింది?
2. పులిజూదానికీ, ధర్మరాజు ఆడిన జూదానికీ గల భేదం ఏమిటి?
3. ఆటల వల్ల కలిగే రుగ్మతకు గల మూడు లక్షణాలను వివరించండి.
4. "ప్రమాదకారి" అన్న ముద్ర వల్ల కలిగే నష్టమేమి?

ఇ. సందర్భం తెలిపి వివరించండి.
1. "మొదటి వార్త అందరికీ చేరింది."
2. "కాని దూరాన లేచినదంతా పొగ కాదు."

ఈ. విడదీసి సంధి పేరు తెలపండి.
ప్రజాభిప్రాయం, లోకోక్తి, అత్యుత్సాహం

ఉ. ఈ మాటలను సొంత వాక్యాలలో ప్రయోగించండి.
గోరంతను కొండంత చేయు, మారుమోగు, నోరు తెరచు

ఊ. చేయవలసిన పని
ఒక వారం పాటు ఒక తెలుగు పత్రికను, ఒక కన్నడ పత్రికను చూడండి. పిల్లలను గురించి వచ్చిన వార్తల శీర్షికలను కత్తిరించి అతికించండి. ప్రతి శీర్షిక కింద ఈ మూడు ప్రశ్నలకు జవాబులు రాయండి: ఈ మాట ఎవరు చెప్పారు? ఆధారం ఏమి చూపారు? లోపల ఉండి శీర్షికలో లేని కారణం ఏది? రెండు భాషల పత్రికలు ఒకే సంగతిని వేరువేరుగా రాసి ఉంటే ఆ భేదాన్ని తరగతిలో చర్చించండి.